వన్యప్రాణుల ఫొటోగ్రఫీ: పెద్ద లెన్సు కొనే ముందు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. చిన్ననాటి నుంచి ఉన్న కోరిక కొద్దీ 100-400 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు కొని, రెండేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా అడవులూ చెరువులూ తిరుగుతున్నారు. తీసిన ఫొటోలన్నీ ఫలానా జంతువును ఫలానా చోట చూశానని చెప్పే సాక్ష్యాల్లా ఉన్నాయే తప్ప, చూసినవారిని ఒక్క క్షణమైనా ఆపడం లేదు. అందువల్ల 600 మిల్లీమీటర్ల లెన్సుకు మారాలా, సెట్టింగులలో ఏదైనా లోపం ఉందా, ఉద్యోగం చేసుకుంటూ ఈ అభిరుచిని జీవితాంతం నిలుపుకోవడం సాధ్యమేనా అన్నవి మీ మూడు సందేహాలు. ఫిలిం రోజుల నుంచి ఇదే వ్యాపకంలో ఉన్నవాడిగా మూడింటికీ నేను చెప్పగలిగినది ఒక్కటే: ఇప్పట్లో లెన్సు మార్చకండి. మీకు కొరవడినది జంతువుతో పరిచయం; అది తరువాతి క్షణంలో ఏం చేయబోతోందో మీకు ముందుగా తెలిసేటంత పరిచయం. అది కుదిరితే సెట్టింగుల విషయం సగం తేలిపోతుంది, అభిరుచి నిలబడడానికి అంతకంటే గట్టి ఆధారం కూడా నాకు ఎక్కడా కనబడలేదు.

ముందుగా లెన్సు లెక్క చూద్దాం. 400 నుంచి 600కు వెళితే ఫ్రేములో జంతువు పొడవు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. అదే 400 లెన్సుతో ముప్పై మీటర్ల దూరాన్ని పదిహేను మీటర్లకు తగ్గించగలిగితే రెండు రెట్లు పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, మీకూ జంతువుకూ మధ్య ఉన్న గాలి. నేల వేడెక్కిన తరువాత దాని మీది గాలి పొరలు పొరలుగా కదులుతూ కాంతిని వంచుతుంది; దూరపు ఫొటోలో కన్ను పదునుగా రాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే కాగా, చాలామంది నింద లెన్సు మీద వేస్తారు. ఎంత ఖరీదైన లెన్సైనా ఆ తెరను కూడా పెద్దది చేసి చూపిస్తుంది తప్ప తొలగించలేదు. తెల్లవారుజామున వెళ్లడం, దూరం తగ్గించుకోవడం, ఈ రెండే దానికి మందు. చిన్న పిట్టలనే తీసేవారికీ, వాహనం దిగడానికి అనుమతి లేని అభయారణ్యాలలో తిరిగేవారికీ పొడవైన లెన్సు నిజంగా అవసరమని ఒప్పుకుంటాను. కానీ మీరు పంపిన ఫొటోలలో ఉన్నవి కొంగలు, జింకలు, నక్కలు, బాతులు. వీటికి 400 చాలు.

ఈ రంగానికి పునాది వేసినవారి చేతిలో ఇప్పుడు మనకున్నదానిలో పదో వంతు సామగ్రి కూడా లేదు. ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు 1892లో ఒక పక్షి గూటిని గుడ్లతో సహా ఫొటో తీసి, 1895 నాటికి పక్షుల గూళ్లపై పూర్తిగా ఫొటోలతోనే ఒక పుస్తకం తెచ్చారు. పక్షులు పశువులకు బెదరవని గమనించి, ఎద్దు చర్మంతో బోలు బొమ్మ చేయించుకొని, దాని పొట్టలో కెమెరాతో దాక్కొని ఫొటోలు తీశారు. అమెరికాలో జార్జ్ షైరస్ రాత్రివేళ పడవలో నిశ్శబ్దంగా సాగుతూ నీటి ఒడ్డుకు వచ్చిన జింకలను మెరుపు పొడి వెలుగులో తీశాడు. జంతువే తీగను తగిలి తన ఫొటో తాను తీసుకొనే ఏర్పాటు కూడా చేశాడు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906 జూలై సంచికలో ఆయన ఫొటోలు 74 ఒకేసారి అచ్చయ్యాయి. భారతదేశంలో అటవీ అధికారిగా పనిచేసిన ఎఫ్. డబ్ల్యూ. చాంపియన్ 1920లలో ఇదే తీగ పద్ధతిలో అడవిలో స్వేచ్ఛగా తిరిగే పులులను రాత్రిపూట ఫొటో తీశాడు. తీగ కట్టాలంటే పులి ఏ దారిన నడుస్తుందో ముందే తెలిసి ఉండాలి. ఆ దారిలో కూడా అది ఏ మలుపులో, ఏ ఎత్తులో, ఎటు ముఖం పెట్టి వస్తుందో తెలిసి ఉండాలి. కెమెరా కంటి ముందుకు పులి వచ్చేసరికి ఆ ఫొటో పని ముప్పాతిక వంతు అయిపోయినట్లే.

ఇప్పుడు ఆ పరిచయం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. లకుముకి పిట్టను తీసుకోండి. నీటి పక్కన కొమ్మ మీద అది కూర్చొని ఉన్నప్పుడు చాలామంది పది ఫొటోలు తీసుకొని, అది ఎగిరిపోగానే తామూ వెళ్లిపోతారు. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. లకుముకికి కొన్ని ఇష్టమైన కొమ్మలు ఉంటాయి, ఒక కొమ్మ నుంచి వేటకు దూకితే తరచూ అదే కొమ్మకు తిరిగి వస్తుంది. అది దూకే ముందు తల ఒకటి రెండుసార్లు పైకీ కిందికీ ఆడిస్తుంది, నీటిలోని చేప దూరాన్ని అంచనా వేసుకోవడానికి. తరువాత ఈకలు ఒంటికి బిగించుకొని సన్నబడుతుంది, ముందుకు వాలుతుంది. ఆ సన్నబడడం కనబడినప్పుడే మీ వేలు సిద్ధంగా ఉండాలి. దూకడం చూసిన తరువాత నొక్కితే మీకు దక్కేది ఊగుతున్న ఖాళీ కొమ్మ. చేపతో తిరిగివచ్చాక దానిని కొమ్మకేసి కొడుతుంది. కొట్టడం అయ్యాక చేప తలను తన గొంతు వైపు తిప్పుకొంటే తాను మింగబోతోందని అర్థం, ఎందుకంటే తల ముందుగా పోతేనే రెక్కముళ్లు గొంతులో అడ్డుపడవు. అలా కాక చేప తల బయటి వైపు ఉండేలా ముక్కున పట్టుకొని కూర్చొంటే, ఆ చేప తనకు కాదు. జతకో పిల్లలకో అందించడానికి తీసుకుపోతోంది. అంటే గూటి బొరియ దగ్గరలోనే ఉందన్నమాట. అప్పుడు ఫొటో తీయడం ఆపి లేచి దూరం జరగండి, లేకపోతే మీరు కూర్చొన్నంతసేపూ అది గూటిలోకి పోదు, పిల్లలు పస్తు ఉంటాయి. ఒకే ఒక్క భంగిమ మీకు తరువాతి ఫొటో ఏదో చెబుతోంది, ఎప్పుడు ఆపాలో కూడా చెబుతోంది. ఈ సంగతి తెలియనివాడి చేతిలో ఎంత పెద్ద లెన్సు ఉన్నా ఏం ప్రయోజనం?

ఇటువంటి సంకేతాలు ప్రతి జంతువుకూ ఉంటాయి. గద్దలు, డేగలు ఎగిరే ముందు చాలాసార్లు రెట్ట వేసి, ముందుకు వంగుతాయి. పక్షులు వీలైనంతవరకు గాలికి ఎదురుగానే లేస్తాయి, గాలికి ఎదురుగానే వాలుతాయి. కాబట్టి గాలి, సూర్యుడు రెండూ మీ వీపు వైపు ఉండేలా నిలబడితే పక్షి మీ వైపు ముఖం పెట్టి, వెలుగులో లేస్తుంది. ఈ ఒక్క విషయం పాటించనందువల్లనే వెళ్లిపోతున్న పక్షుల తోక ఫొటోలు అన్ని పోగుపడతాయి. తెల్ల కొంగ నీటిలో పోటు వేసే ముందు మెడను మెల్లగా వెనక్కి మడుస్తుంది, ఆ మడతే దాని విల్లు. మేస్తున్న జింక తల ఎత్తడం మామూలే, కానీ నోట్లో గడ్డి ఉండగానే నమలడం ఆపి, రెండు చెవులూ ఒకే దిక్కుకు నిలబెట్టి, ముందు కాలు నేలకు తాటించిందంటే అది దేనినో పసిగట్టింది. చెవులు మీ వైపు లేకపోతే, అవి ఉన్న దిక్కుకు చూడండి. మీరు ఎదురుచూస్తున్న నక్కో చిరుతో అటు నుంచే రావచ్చు.

దగ్గరకు చేరడం గురించి రెండు మాటలు. తిన్నగా జంతువు వైపు నడిచేవాడిని అది వేటగాడిగా లెక్కిస్తుంది, కళ్లలోకి చూస్తూ నడిచేవాడిని మరింతగా. పక్కకు పోతున్నట్లు ఏటవాలుగా, ఆగి ఆగి, వంగి నడవండి; ఆకాశం నేపథ్యంగా మీ ఆకారం గట్టు మీద నిలబడకుండా చూసుకోండి. క్షీరదాల విషయంలో గాలి వాటి వైపు నుంచి మీ వైపు వీచాలి, లేదంటే మీ వాసన వాటికి తెలిసిపోయి, మీరు వేసుకున్న ఆకుపచ్చ బట్టలన్నీ వృథా. అన్నిటికంటే మంచి పద్ధతి అసలు దగ్గరకు వెళ్లకపోవడం: అది రాబోయే చోటికి ముందే చేరి, మాటు వేసుకొని, దానిని రానివ్వడం. మాటులోకి వెళ్లేటప్పుడు తోడుగా మరొకరిని తీసుకువెళ్లి, మీరు లోపల కూర్చొన్నాక అతన్ని అందరికీ కనబడేలా వెనక్కి నడిపించడం పాత పక్షి ఫొటోగ్రాఫర్ల ఎత్తు. వచ్చిన మనిషి వెళ్లిపోయాడని చాలా పక్షులు నిశ్చింత పడతాయి. కాకి జాతి మీద మాత్రం ఈ ఎత్తు ఎప్పుడూ పారుతుందని చెప్పలేను. వాహనం కూడా దాక్కోవడానికి మంచి చోటే. కానీ ఇంజను ఆపకుండా, కిటికీ అంచుపై బీన్ బ్యాగ్ (లెన్సును ఆనించే, గింజలు నింపిన మెత్తటి సంచి) లేకుండా తీసిన ఫొటోలో ఆ అదురు తప్పక కనబడుతుంది.

సెట్టింగుల విషయం మీరు ఊహించినంత పెద్దది కాదు. షట్టర్ వేగాన్నీ (వెలుగు లోపలికి వచ్చే సమయం) అపెర్చరునూ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మీరు నిర్ణయించి, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె; పెరిగేకొద్దీ ఫొటోలో రేణువులు కనబడతాయి) కెమెరాకు వదిలేయండి. కూర్చొన్న జంతువుకు 400 మిల్లీమీటర్ల వద్ద 1/500 సెకను, పరుగెత్తేదానికి 1/1600, ఎగిరే పక్షికి 1/2500 లేక అంతకంటే ఎక్కువ వేగం అని మొదలుపెట్టి, అక్కడి నుంచి వెలుగును బట్టి మార్చుకోండి. మీ ఫొటోలలో మసక ఉన్నవన్నీ ఐఎస్ఓ 400 దగ్గర పట్టుబట్టి ఆపడంతో షట్టర్ నెమ్మదించినవే. రేణువులు కనబడినా జంతువు పదునుగా ఉన్న ఫొటోను తరువాత శుభ్రం చేసుకోవచ్చు. కదిలి చెదిరిన కంటిని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మదగిన రీతిలో తిరిగి తేలేదు. వెలుగును కొలిచే కెమెరా మీటరు తెల్లటిదాన్నీ నల్లటిదాన్నీ బూడిద రంగుకు లాగుతుందన్నది గుర్తుంచుకోండి: తెల్ల కొంగ ఫ్రేము నిండా ఉంటే ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) కొంచెం పెంచాలి, అదే కొంగ చీకటి పొదల ముందు చిన్నగా ఉంటే తగ్గించాలి. ఇందుకు విరుద్ధంగా చేసినందువల్లనే మీ కొంగల రెక్కలలో ఈకల గీతలు కనబడకుండా సున్నం కొట్టినట్లు అయ్యాయి. ఇప్పటి కెమెరాలు జంతువు కంటిని తామే వెతికి ఫోకస్ చేస్తాయి, అది వాడుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఎప్పుడు నొక్కాలో మాత్రం అవి చెప్పవు.

మీ ఫొటోలు సాక్ష్యాల్లా అనిపించడానికి మరొక కారణం ఉంది, అది పూర్తిగా మీ మోకాళ్లకు సంబంధించినది. అన్నీ నిలబడి తీసినవే. మనిషి ఎత్తు నుంచి కిందికి చూసినప్పుడు బాతు వెనక నేపథ్యం దానిని ఆనుకొని ఉన్న నీరో బురదో అవుతుంది, దాని కన్ను మనకు అందదు. బోర్లా పడుకొని లెన్సును నీటి మట్టానికి దించితే నేపథ్యం ఎక్కడో దూరాన ఉన్న ఒడ్డు అవుతుంది, అది మెత్తగా కరిగిపోతుంది, బాతు తన లోకంలో తానున్నట్లు కనబడుతుంది. అదే అపెర్చరు, అదే లెన్సు. మరొకటి: ప్రతిసారీ జంతువును ఫ్రేము నిండా నింపాలన్న పట్టుదల వదలండి. పొగమంచులో చెట్ల వరుస కింద చిన్నగా నడిచిపోతున్న నక్క ఆ చోటు గురించి, ఆ వేళ గురించి చెప్పేది దాని ముఖం ఒక్కటే ఉన్న ఫొటో చెప్పలేదు. 100 మిల్లీమీటర్ల చివర కూడా మీ లెన్సులోదే, దానికీ డబ్బు ఇచ్చారు, వాడుకోండి.

ఓపిక గురించి అందరూ ఉపన్యాసాలు ఇస్తారు కాబట్టి నేను ఇవ్వను. సింహాలు రోజులో ఇరవై గంటల వరకు విశ్రాంతిలోనే గడుపుతాయని తెలిసినవాడికి మధ్యాహ్నం వాటి ముందు కూర్చోవడం ఓపిక అనిపించుకోదు, అది సమయం తెలియకపోవడమే అవుతుంది. తెలిసి ఎదురుచూడడం వేరు. 2008లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో గెలిచిన స్టీవ్ వింటర్ మంచు చిరుత ఫొటో లడఖ్ ప్రాంతపు కొండలలో కెమెరా ట్రాపుకు (జంతువు దగ్గరకు రాగానే తానే ఫొటో తీసే కెమెరాకు) చిక్కినది. మనిషి అక్కడ లేకపోయినా, చిరుత ఏ రాతి పక్కన వాసన గుర్తు వదలడానికి ఆగుతుందో, అక్కడ ఏ కోణంలో వెలుగు పడాలో నిర్ణయించినవాడు మనిషే.

ఇక మీరు అడగనిదీ నేను చెప్పక తప్పనిదీ ఒకటి ఉంది. మీ ఫొటోలలో రెండింటిని గూళ్ల దగ్గర తీశారు, ఒకదానిలో గూటి ముందున్న ఆకులు విరిచి ఉన్నాయి. ఆ ఆకులు గూటికి నీడ, కాకుల కంటి నుంచి దాపు. వాటిని తొలగించి తీసిన ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా దానికి వెల కట్టేది లోపలి పిల్లలు. పక్షి పాటను ఫోనులో వినిపించి రప్పించడం కూడా ఇటువంటిదే: సంతానకాలంలో అది తన హద్దులోకి పోటీదారు చొరబడ్డాడనుకొని పిల్లలకు మేత పెట్టడం మాని మీ ఫోను చుట్టూ తిరుగుతుంది. నా కొలమానం సులభమైనది. నేను రాకముందు జంతువు చేస్తున్న పనిని నా వల్ల ఆపిందంటే నేను ఉండవలసినదానికంటే దగ్గరగా ఉన్నాను. గూటి దగ్గర ప్రమాదం మనకూ ఉంటుంది. ప్రసిద్ధ పక్షి ఫొటోగ్రాఫర్ ఎరిక్ హాస్కింగ్ 1937లో గుడ్లగూబ దాడిలో ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు, అయినా ఆ తరువాత దశాబ్దాల పాటు ఫొటోలు తీశాడు.

నిజాయితీ కూడా ఇందులోనిదే. 2009లో పైన చెప్పిన పోటీలోనే కంచె దూకుతున్న తోడేలు ఫొటోకు ప్రథమ బహుమతి ప్రకటించారు. అది మచ్చిక చేసిన తోడేలు అయి ఉంటుందని నిర్ణయించి 2010 జనవరిలో ఆ బహుమతిని వెనక్కి తీసుకున్నారు. బోనులోని జంతువును తీయడం నేరం కాదు, తీసినట్లు రాస్తే చాలు. అరుదైన జంతువుల ఫొటోలు పంచుకునేటప్పుడు ఫైలులో దాగి ఉండే స్థల వివరాలను తప్పనిసరిగా తొలగించండి. మీ అభిమానుల కంటే ముందు వాటిని చదివేది దొంగ వేటగాడు కావచ్చు.

జీవితాంతం నిలబడే విషయానికి వస్తే, ఈ రంగంలో ఉత్సాహంగా మొదలుపెట్టి నాలుగైదేళ్లలో కెమెరా అమ్ముకున్నవారిని చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమంది జాతుల పట్టిక నింపుకుంటూ తిరిగినవారు. కొత్త జాతులు దగ్గరలో అయిపోయాక ప్రయాణాలు దూరమవుతాయి, ఖర్చు పెరుగుతుంది, సెలవులు చాలవు, ప్రతి యాత్ర భారమైన పరీక్షలా మారుతుంది. మిగిలినవారికి ఒక సొంత చోటు ఉంటుంది: వారానికి ఒకసారి ఉద్యోగానికి ముందో తరువాతో వెళ్లి రాగలిగే చెరువో, తోటో, బీడు భూమో. మీరూ అలాంటి చోటు ఒకటి, అక్కడ ఏడాది పొడవునా కనబడే మామూలు జంతువు ఒకటి ఎంచుకోండి. మామూలుది అంటున్నది ఊరికే కాదు. అది మిమ్మల్ని చూసి అలవాటుపడుతుంది, తప్పిన ఫొటో మళ్లీ వారం దొరుకుతుంది, ఈకలు రాలే కాలం, జత కట్టే కాలం, పిల్లలను తిప్పే కాలం అన్నీ మీ కళ్ల ముందే జరుగుతాయి. చిన్న నోటుపుస్తకంలో తేదీ, వేళ, గాలి దిక్కు, జంతువు ఏం చేస్తోంది అన్నవి రాసుకోండి. రెండో ఏడాది అదే నెలలో ఆ పేజీలు తిరగేసినప్పుడు ఎక్కడ ఎప్పుడు కూర్చోవాలో మీకు తెలిసిపోయి ఉంటుంది. ఫొటో తీయని రోజు కూడా అప్పుడు వృథా కాదు, ఒక వాక్యమైనా దక్కుతుంది.

సామగ్రిని కాపాడుకోవడం గురించి ఎక్కువ చెప్పను. లెన్సును మూసిన తోలు సంచిలో నెలల తరబడి ఉంచితే తేమకు లోపల బూజు పడుతుంది. తేమ 40-50 శాతం మధ్య ఉండే పొడి పెట్టె, అది లేకపోతే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ చాలు. రా ఫైళ్లకు (కెమెరా దాచే, మార్పులు చేయని అసలు ఫైళ్లకు) రెండు ప్రతులు ఇంట్లో, ఒకటి మరో చోట ఉంచండి. తిరిగి వచ్చిన వారంలోనే పనికిరానివి తీసివేయకపోతే ఇక ఎప్పటికీ తీయరు.

600 లెన్సు మాట ఒక ఏడాది తరువాత మళ్లీ ఆలోచించండి. అప్పటికి మీ నోటుపుస్తకంలో దగ్గరకు చేరే మార్గం నిజంగా లేక తప్పిపోయిన ఫొటోలు పదే పదే కనబడితే, అవి కూడా ఏదో ఒకే రకం జంతువువి అయితే, కొనడంలో అర్థం ఉంది. అప్పుడైనా ముందు అద్దెకు తీసుకోండి. ట్రైపాడ్ లేకుండా ఒక ఉదయమంతా మీ చోటిలో దానిని మోసుకు తిరిగి, బోర్లా పడుకొని లేచి చూసి, భుజం, నడుము ఏమంటాయో విన్నాక డబ్బు కట్టండి.